గోదావరి తీరంలో వలస కుటుంబం మీద చారిత్రక నవల రాయడం ఎలా: మొదటి చెలమ నుంచి ఉప్పెన తర్వాతి మాఘం దాకా

కోరంగి, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది. ఈ తీరం మీద పాతకాలపు నవల రాయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు మొదటి అధ్యాయం రాసి పంపిస్తున్నారు కూడా. దాదాపు అన్నిట్లోనూ మూడో పేజీకే ఉప్పెన వచ్చేస్తోంది. గాలి, అల, హాహాకారాలు అయిపోయాక రెండో అధ్యాయంలో రాయడానికి ఏమీ మిగలడం లేదు.

ఉప్పెన ఒక్క రాత్రి ఉంటుంది. ఆ ఇంటివాళ్లు బతకాల్సింది దానికి ముందు కొన్నేళ్లు, తర్వాత ఏడాది. తాగే నీళ్లు ఎక్కడివి, గింజలు ఎన్నాళ్లకు, నిప్పు ఎవరింట్లో ఉంది? ఈ మూడు లెక్కలు ముందు తేల్చుకుంటే కథ ఆగదు. కింద చెప్పిన పనులన్నీ ఆ లెక్కల కోసమే. తయారీ ఈ వరసలోనే చేయండి. అధ్యాయాలు రాసే వరస వేరు, అది చివర చెబుతాను.

1. ఒక ఏడాది, ఒక మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) ఎంచుకోండి

"బ్రిటిష్ వాళ్ల కాలంలో" అంటే సరిపోదు. ఏడాది కావాలి. ఈ తీరానికి పెద్ద గుర్తులు కొన్ని ఉన్నాయి. 1789 డిసెంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన. వరసగా మూడు అలలు వచ్చాయని అప్పటి రాతలు చెబుతాయి. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువు. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన. దాని తర్వాత కోరంగి రేవు మళ్లీ కోలుకోలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. మీ ఏడాది ఆనకట్టకు ముందా, తర్వాతా అన్నది మొదట తేల్చండి. పొలం, తిండి, ప్రయాణం అన్నీ దాని మీద మారిపోతాయి. నేను ఇక్కడ ఉదాహరణకు 1839 తీసుకుంటున్నాను.

తర్వాత చోటు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వసిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఏ పాయ మొగ దగ్గర మీ పేట ఉందో నిర్ణయించుకోండి. పేట పేరు కల్పించండి కానీ చుట్టూ ఒక రోజు నడక దూరంలో ఉన్న ఊళ్లు నిజమైనవే ఉంచండి. కల్పిత పేట ఉంటే మీకు స్వేచ్ఛ ఉంటుంది, నిజమైన ఊళ్లు ఉంటే పాఠకుడికి నమ్మకం కుదురుతుంది.

రాయడం మొదలెట్టే ముందు కాగితం మీద ఉండాల్సినవి:
- ఏడాది మూడు రకాలుగా: క్రీస్తు శకం 1839, తెలుగు సంవత్సరం వికారి, కరణం లెక్కలో ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) 1249
- పేట నుంచి సముద్రానికి, నదికి, దగ్గరి సంతకు నడక దూరం
- ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన దిబ్బ ఏది, దాని మీద ఎవరి ఇళ్లున్నాయి
- గౌతమి వైపు అయితే యానాం ఎంత దూరం (1839లో అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఏరు దాటితే వేరే దొరతనం)

2. ఎందుకు వచ్చారో ఒక్క కారణం తేల్చండి

ఉన్న ఊళ్లో బతుకు బాగుంటే చవుటి నేలకు ఎవరూ రారు. కరువు తరిమి ఉండాలి, లేదా లంకను ఏరు కోసేసి ఉండాలి, లేదా శిస్తు కట్టలేక రాత్రికి రాత్రి ఊరు విడిచి ఉండాలి. ఒక్కటే పెట్టుకోండి. మూడూ కలిపితే ఏదీ తగలదు.

1839 కథకు నందన కరువు బాగా అతుకుతుంది. కరువులో గుంటూరు వైపు నుంచి బయల్దేరిన ఇంటివాళ్లు ఉప్పెన నాటికి ఊరు విడిచి ఆరేడేళ్లవుతుంది. కరువప్పుడు చంకలో ఉన్న పిల్ల ఇప్పుడు నీళ్లు మోసే వయసుకొచ్చింది. ఆ పిల్లకు పాత ఊరు గుర్తు లేదు, తల్లికి మరుపు రాదు. మీ నవలకు కావలసిన గొడవ ఇద్దరి మధ్య అప్పటికే ఉంది.

ముందునుంచీ ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు మంచి చోటివ్వరు. దిబ్బ మీద చోటు వాళ్లది, వీళ్లకు దక్కేది పర్ర భూమి, అంటే పల్లపు చవుటి నేల. ఇది కథలో మొదటి యాభై పేజీల్లోనే కనిపించాలి. ఉప్పెన రాత్రి ఎవరు మునిగారు, ఎవరు మిగిలారు అన్నది దీని మీదే తేలుతుంది.

3. మొదటి ఏడాది: చెలమ, గుడిసె, నిప్పు

చాలామంది రెండు వాక్యాల్లో దాటేసే భాగం ఇదే. నా చేతిలో అయితే యాభై పేజీలు దీనికే ఇస్తాను.

నీళ్లతో మొదలుపెట్టండి. సముద్రం పక్కన ఇసుక దిబ్బలో మంచినీళ్లు ఎందుకు దొరుకుతాయంటే, వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. అందుకే లోతు తక్కువ తవ్వాలి. ఇలా ఇసుకలో తవ్విన చిన్న నీటి గుంటే చెలమ. లోతుకు పోతే, లేదా ఒకేసారి ఎక్కువ తోడేస్తే కింది ఉప్పు పైకొస్తుంది. నా మొదటి చిత్తుప్రతిలో కథానాయకుడి చేత పట్టుదలగా రెండు నిలువుల బావి తవ్వించాను. తీరం ఊళ్లో ఒక పెద్దాయనకు చదివి వినిపిస్తే, ఆ పేజీ దగ్గర ఆపి, "అంత తవ్వితే గొడ్లు కూడా తాగవమ్మా. చెలమ మోకాలి లోతులో ఊరాలి, రాత్రంతా ఊరనివ్వాలి, తెల్లారి ముంచుకోవాలి" అన్నారు. ఆ ఒక్క మాటతో అధ్యాయం మొత్తం మారింది. పట్టుదల చూపించాల్సిన మనిషి ఓపిక చూపించాల్సి వచ్చింది. కొత్త కోడలు ఆత్రంగా రెండు కడవలు ఎక్కువ ముంచితే మర్నాడు ఇంటిల్లిపాదికీ నీళ్లు ఉప్పగా తగులుతాయి. ఇంతకంటే పెద్ద గొడవ ఏ ఇంట్లో కావాలి?

గుడిసె గురించి ఒకటే చూసుకోండి: చూరు ఎంత కిందికి ఉంది? కోస్తాలో కట్టిన చుట్టిళ్లు గుండ్రంగా, చూరు దాదాపు నేలకు తగిలేలా ఉండేవి. గాలికి పట్టు దొరకదు. ఎత్తు గోడలు, పెద్ద కిటికీలు రాశారంటే మొదటి గాలివానకే ఎగిరిపోయే ఇల్లు కట్టినట్టే.

నిప్పు. అగ్గిపెట్టె లేని కాలం అది. పిడక నిప్పు బూడిదలో కప్పి కాపాడుకోవాలి. ఆరిపోతే పక్కింటికి వెళ్లి అడగాలి. ఎవరు ఎవరింటికి నిప్పుకు వెళ్తారు, ఎవరు ఇవ్వరు అన్నది రాస్తే ఆ పేటలో ఎవరి స్థానం ఏమిటో విడిగా వివరించక్కర్లేదు.

4. గింజల లెక్క వేయండి

నవలకు వెన్నెముక ఈ లెక్కే. ఒక నోటుబుక్ పెట్టుకోండి.

కొలతలు గుర్తుంచుకోండి: నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి.

ఇంట్లో ఆరుగురు, తలకు రోజుకు సోల గింజ అనుకుందాం. రోజుకు ఆరు సోలలు. తూములో 64 సోలలు కాబట్టి తూము పది రోజులు దాటి వస్తుంది. పుట్టి ఉంటే 213 రోజులు, అంటే ఏడు నెలలు. కాబట్టి గాదెలో పుట్టి గింజ ఉన్న ఇల్లు కూడా ఏడాది గడవదు. మిగతా ఐదు నెలలు దేనితో? చేపలు, మడపీతలు, మునగాకు, తేగలు, ఊళ్లోవాళ్ల పొలంలో కూలి.

ఇప్పుడు ఉప్పెన వచ్చింది. పదమూడు తూములు పోయాయి, ఏడు మిగిలాయి. అంటే 448 సోలలు, 74 రోజులు. నవంబరు 25 నుంచి లెక్కపెట్టుకుంటే ఫిబ్రవరి 7కు గాదె ఖాళీ. మాఘం మొదట్లో, అంతర్వేది తీర్థానికి వారం ముందు. ఈ తేదీ తెలిసిన క్షణం నుంచి మీకు కథ ఎటు పోవాలన్న టెన్షన్ ఉండదు. ఆ ఇంటివాళ్లకు రాత్రీ పగలూ అదే ఆలోచన. సోలను ముప్పావు చేసేది ఎవరు? తన వాటా తగ్గించుకుని చెప్పకుండా దాచేది ఎవరు? ముక్కుపుడక ఎప్పుడు తాకట్టుకు వెళ్తుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త. "కొడుకుని మారిషస్ కూలీ ఓడ ఎక్కించారు" అని రాయాలనిపిస్తుంది. 1839లోనే ఆ వలసను ఆపేశారు, 1842 చివర్లో గానీ తిరిగి తెరవలేదు. రంగూన్‌కు జనం పెద్ద ఎత్తున వెళ్లడం 1852 తర్వాతి సంగతి. 1840 మాఘంలో ఆ కుర్రాడికి మిగిలింది ఏ సరంగు (ఓడ పనివాళ్ల పెద్ద) కాళ్లో పట్టుకుని సరుకు ఓడ మీద కళాసీగా (ఓడ పనివాడిగా) చేరడం, లేదా పైఊళ్లో పాలేరుగా కుదరడం. దారులు తగ్గినకొద్దీ కథ బిగుస్తుంది.

5. ఉప్పెన రాత్రి: గాలి ఎటు నుంచి ఎటు తిరిగింది?

మన తీరంలో గాలివాన గుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. గుండం తూర్పు నుంచి పడమరకు వస్తోందనుకోండి. మీ పేట దానికి ఏ పక్కన ఉందో నిర్ణయించుకుంటే గాలి వరస దొరుకుతుంది.

- పేట గుండానికి ఉత్తరాన ఉంటే: గాలి ఈశాన్యంలో మొదలై, తూర్పుకు తిరిగి, ఆగ్నేయానికి పోతుంది. సముద్రాన్ని ఊరి మీదికి తోసేది ఈ వైపే.
- సరిగ్గా దారిలో ఉంటే: ఉత్తరం గాలి, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత దక్షిణం నుంచి ఇంకా కసిగా గాలి.
- దక్షిణాన ఉంటే: వాయవ్యం, పడమర, నైరుతి. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్లు వెనక్కి పోతాయి.

మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని చాలామంది వదిలేస్తున్నారు. గాలి ఆగిందని బయటికొచ్చి గొడ్డును వెతకబోయినవాళ్లు రెండో గాలికి చిక్కుతారు. అనుభవం ఉన్న ముసలివాళ్లు పిల్లల్ని బయటికి పోనివ్వరు. కొత్తగా వచ్చిన ఇంటివాళ్లకు ఆ సంగతి తెలియదు. పాతవాళ్లకూ వలసవాళ్లకూ మధ్య తేడా ఇక్కడ ప్రాణం మీదికొస్తుంది.

ఆ రోజు తిథి కూడా చూసుకోండి. 1839 నవంబరు 25 కార్తీక బహుళంలో పడింది. సాయంత్రానికి పండు వెన్నెల రాశారంటే తప్పే.

రాసే తీరు ఇలా ఉండాలి. మొదట పనికిరానిది: "సముద్రుడు విలయతాండవం చేశాడు. ప్రకృతి పగబట్టింది." ఇది ఎవరికీ కనిపించదు. ఇప్పుడు దీన్ని చూడండి:

"వాకిట్లో నీళ్లు చీలమండ దాటాయి. వానే అనుకుంటున్నారు అందరూ. అత్త వంగి, వేలు ముంచి, నాలిక్కి రాసుకుంది. కాసేపు ఏమీ అనలేదు. 'ఉప్పగా ఉందే పిల్లా' అంది."

చాలు. తర్వాతి వాక్యంలో అందరూ దిబ్బ వైపు పరుగెత్తవచ్చు. మొత్తం ఆ రాత్రికి ఇరవై పేజీలు మించనివ్వకండి.

మరణాల సంఖ్య జోలికి పోవద్దు. 1839 గురించి మూడు లక్షలని ఒక అంకె తిరుగుతూ ఉంటుంది. మీ పాత్రలకు ఆ అంకె తెలియదు. వాళ్లకు తెలిసేది పేటలో ఎన్ని పొయ్యిలు వెలగలేదో అంతే.

6. తెల్లారిన దగ్గర నుంచి

నీళ్లు తీశాక రోజుల వారీగా రాసుకోండి. మొదటి రోజు నీళ్లు: చెలమలన్నీ ఉప్పే. పడిపోయిన చెట్ల బొండాలే గొంతు తడుపుతాయి, అవి ఎన్ని రోజులకు? నిప్పు: ఊళ్లో ఒక్క పొయ్యిలోనూ లేదు. చెకుముకి రాయి ఉన్నా దూది తడిసింది. తిండి: ఇసుకలో పాతిన తేగల పాతర కొట్టుకుపోకుండా ఉంటే అదే అన్నం. భాద్రపదంలో పాతిన తాటి టెంకలు కార్తీకానికి తవ్వుకునేలా ఉంటాయి, కాలం సరిపోయింది. పాతర గుర్తు పెట్టిన చెట్టే పడిపోతే? ముసలామె ఇసుకలో కాలు ఈడుస్తూ చోటు వెతికే దృశ్యం ఒక్కటి రాయండి.

ఆ తర్వాత ఉప్పు. ఇది మీరు తప్పకుండా వాడుకోవాల్సిన విషయం. 1805 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీకే హక్కు. ఉప్పెన తర్వాత నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. చేపలు దొరుకుతున్నాయి, ఎండబెట్టి దాచాలంటే ఉప్పు కావాలి, వాకిట్లో గీరి తీసుకుంటే నేరం. ఒక బంట్రోతు వచ్చి నిలబడితే చాలు, ఆ అధ్యాయం నడిచిపోతుంది.

పొలం ఆ ఏడాదికి లేనట్టే. వానలు పడి ఉప్పు కడిగేదాకా ఆగాలి.

7. మాట

సంభాషణల్లో ప్రతి పదాన్నీ యాసలో విరిచి రాయకండి. చదివేవాళ్లు అలసిపోతారు. వరసలు, పిలుపులు సరిగ్గా ఉంటే సగం యాస వచ్చేసినట్టే: అత్త, మావ, దొడ్డమ్మ, ఒసే, ఒరేయ్, ఏవయ్యా. పెద్దింటివాళ్లతో "అండి", "ఆయ్". నీచంగా చూసే పిలుపులు ఆ కాలంలో ఉన్నాయి, కథకు కావాల్సిన చోట మాత్రమే వాడండి. కులాల పేర్ల దగ్గర మరీ జాగ్రత్త: ఇవాళ వాడే పేర్లలో కొన్ని 20వ శతాబ్దంలో వచ్చినవి. అప్పటి పేరు ఇవాళ కించపరిచేదిగా మారి ఉంటే వృత్తితో చెప్పండి.

1839లో ఎవరూ "సైక్లోన్" అనరు. ఆ మాటే 1840లలో పుట్టింది. గాలివాన, ఉప్పెన చాలు. కాలాన్ని జాములు, గడియల్లో, కోడికూతతో చెప్పండి. లోతును బారల్లో, నిలువుల్లో చెప్పండి. ఏదైనా పదం ఆ కాలానికి ఉందా అని అనుమానం వస్తే 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తెరవండి. అందులో ఉంటే ధైర్యంగా వాడొచ్చు.

8. తరచూ కనిపించే తప్పులు, సవరణలు

- 1789 కథలో హోప్ ఐలాండ్: ఆ ఇసుక దీవి గోదావరి మేటతో గత రెండు వందల ఏళ్లలో పెరిగింది. తీసేయండి, కాకినాడ వైపు సముద్రం అప్పట్లో తెరిచి ఉంది.
- తీరం వెంట సరుగుడు తోటలు, సర్కారు తుమ్మ: రెండూ 19వ శతాబ్దం రెండో సగంలోవి. బదులు తాడి, మొగలి, మడ, తిల్ల రాయండి. తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు పోతాయి. కట్టెలు కొట్టే దృశ్యంలో పనికొస్తుంది.
- "తూర్పు గోదావరి జిల్లా": 1925కు ముందు లేదు. గోదావరి జిల్లా కూడా 1859లోనే. 1839కి రాజమండ్రి జిల్లా.
- ప్రతిపూటా తెల్లన్నం: చోడి అంబలి, గంజి రాయండి. వరి అన్నం పండగనాడు ఉంటే దాని విలువ తెలుస్తుంది.
- ఆనకట్టకు ముందే కాలవలు, లాకులు: ఏరు, వరద, వాన మాత్రమే.
- ఆడవాళ్లు ఏడవడానికే ఉండటం: చెలమ, గాదె, నిప్పు మూడూ వాళ్ల చేతిలో ఉన్నాయి. లెక్క తెలిసినవాళ్లు వాళ్లే. కథ వాళ్ల కళ్లతో చెప్పి చూడండి.

9. మనుషుల్ని అడగడం

పుస్తకాలు, 1907 నాటి జిల్లా గెజిటీర్ చదివాక తీరం ఊళ్లకు వెళ్లండి. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. భైరవపాలెం వైపు రొయ్య పిల్లల వేటకు వెళ్లి తిరిగిరానివాళ్ల ఇళ్లు ఉన్నాయి. "ఎలా అనిపించింది" అని అడగొద్దు. "రెండో రోజు ఏం తాగారు? పొయ్యి ఎప్పుడు వెలిగింది? మొదట ఎవరు వచ్చారు?" అని అడగండి. పక్కన కూర్చుని అడగండి, ఫోను జేబులో ఉంచండి, ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి. వాళ్ల పేర్లు, ఇంటి గుర్తులు నవలలోకి తేవద్దు.

10. రాసే వరస

ముందు ఆరో భాగం రాయండి, అంటే ఉప్పెన తర్వాతి రోజులు. అందులో ఏ వస్తువులు కావాల్సొచ్చాయో జాబితా తీయండి: చేద, గాదె, చెకుముకి, తేగల పాతర, ముక్కుపుడక. అప్పుడు వెనక్కి వెళ్లి మొదటి ఏడాదిలో వాటిని ఒక్కొక్కటిగా ఇంట్లోకి తెండి. ఉప్పెన రాత్రిని అన్నిటికంటే చివర రాయండి. అప్పటికి ఆ ఇంట్లో ఏ మూల ఏముందో, ఏది ముందు తడుస్తుందో మీకు తెలిసి ఉంటుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక్కసారి నోటుబుక్ పక్కన పెట్టుకుని చదవండి:
- ఏ రోజుకైనా గాదెలో ఎన్ని సోలలున్నాయో చెప్పగలరా?
- ఆ రోజు తాగిన నీళ్లు ఏ చెలమవి?
- గాలి ఏ వైపు నుంచి ఉంది, చంద్రుడు ఉన్నాడా?
- ఈ పేజీలో అప్పటికి లేని చెట్టు, వస్తువు, మాట ఏదైనా ఉందా?
- పాత ఊరి గురించి తల్లి ఎన్నిసార్లు మాట్లాడింది? మూడుసార్లు దాటితే రెండు తీసేయండి.